అక్క పళ్ళు

మార్చి 3, సోమవారం

ఈ నోట్‌బుక్ క్లినిక్‌లో నర్సు ఇచ్చింది. పేజీకి నాలుగు గడులు. టైమ్. ఏం తిన్నారు. ఎంత తిన్నారు. తినే ముందు ఏమనిపించింది. నాలుగో గడి అన్నిటికంటే ఇరుకు. నాకు రాయవలసిందంతా అందులోనే ఉంది కాబట్టి గడులు పట్టించుకోకుండా అడ్డంగా రాస్తున్నాను.

షుగర్ బార్డర్ మీద ఉందన్నాడు డాక్టర్. ఆ మాట కంప్యూటర్‌తో చెప్పినట్టు చెప్పాడు. నా వైపు చూసింది ఒక్కసారే, బరువు మిషన్ ఎక్కమన్నప్పుడు. తొంభై నాలుగు. పక్కగదిలో వాళ్ళకి కూడా వినపడేలా చదివాడు.

తర్వాత నర్సు. మెత్తగా మాట్లాడే మనిషి. మిమ్మల్ని మీరు కాస్త చూసుకోవాలమ్మా అంది. వేడినీళ్ళ స్నానం చెయ్యండి, ఇష్టమైన పాటలు వినండి, రోజుకి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. సెల్ఫ్ కేర్ అంటారట. మా గీజర్ ఏడు నిమిషాలకి ఆగిపోతుంది. కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఫ్రిజ్. ఈ రెండు ముక్కలూ ఆవిడతో అనలేదు. అలాగేనండి అని వచ్చేశాను.

ఏమనిపించింది: కోపం.

మార్చి 4

ఉదయం ఏమీ లేదు. మధ్యాహ్నం ఏమీ లేదు. సాయంత్రం ఐదున్నరకి ఒక బ్రెడ్ ప్యాకెట్ మొత్తం, జామ్ సీసాలో సగం, రెండు అరటిపళ్ళు, మొన్న మిగిలిన కేక్. నిలబడే తిన్నాను. కూర్చుంటే తిన్నట్టు అవుతుందని.

మార్చి 6, గురువారం

నేను చేసే పని పళ్ళు. డెంటల్ ల్యాబ్‌లో పదిహేడేళ్ళుగా. డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు తీసి పంపుతారు. దాన్ని ప్లాస్టర్‌లో పోసి, ఆ ప్లాస్టర్ నోటికి సరిపడేలా మైనంతో పళ్ళు చెక్కి, క్యాప్‌లు గానీ పూర్తి సెట్లు గానీ తయారు చేసి పంపిస్తాం. చెక్కేవాళ్ళం ఇద్దరమే, నేనూ పెద్దాయనా. ఆయనకి అరవై ఎనిమిది. రోజుకి ఇరవై మాటలు మాట్లాడతాడు, అందులో పది మైనం గురించి.

పెద్దాయన లంచ్ బాక్స్ తెరిచే టైముకి నాకు ఆకలి లేదంటాను. మూడింటికి బ్యాగు తీసుకుని రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో నిలబడి తింటాను. అటు ఎవరూ రారు, లిఫ్ట్ ఉంది కదా. ఇవాళ లిఫ్ట్ చెడిపోయింది. పై అంతస్తు ఆఫీసు వాళ్ళు పదకొండుమంది వరసగా దిగారు. నా నోటి నిండా చిప్స్. ఒక్కరూ నవ్వలేదు. ఎక్స్‌క్యూజ్ మీ అంటూ ఒత్తిగిలి మరీ నన్ను దాటి వెళ్ళారు. నవ్వినా బాగుండేది. ఆ మర్యాదకి ఒళ్ళు మండిపోయింది.

మార్చి 9, ఆదివారం

నెలకి రెండు ఆదివారాలు అమ్మ ఇంట్లో భోజనం. అక్క కూతురితో వచ్చింది. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద, నలభై ఆరు. బ్యాంకులో మేనేజర్. పాతికేళ్ళ కిందట కొన్న కోటు ఇప్పటికీ పడుతుంది. పడుతుందని ప్రతి చలికాలం మాకు చెబుతుంది.

డాక్టర్ ఏమన్నాడో మా ఆయన అమ్మకి చెప్పాడు, అమ్మ అక్కకి చెప్పింది. అక్క సూప్ తాగుతూ మొదలుపెట్టింది. అంతా మనసులో ఉంటుందే బుడగా అంది. బుడగ అంటే నేను. ఇంట్లో నా పేరు అదే, ఐదేళ్ళప్పటి నుంచి. నోరు కట్టుకోవాలే, నన్ను చూడు, అన్నీ తింటాను, కాకపోతే ఎక్కడ ఆపాలో తెలుసు అంది. నిజమే, అన్నీ తింది. సూప్, రొట్టె, వేయించిన బంగాళాదుంపలు, ఐస్‌క్రీమ్ రెండుసార్లు. దీనికి ఎంత తిన్నా ఒంటికి పట్టదు అని అమ్మ మురిసిపోయింది. నేను రెండో రొట్టె ముక్కకి చెయ్యి చాచాను. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూనే రొట్టెల బుట్టని తన వైపు జరుపుకుంది. నా వైపు చూడను కూడా లేదు. ఈగని తోలినట్టు.

తినగానే చేతులు కడుక్కొస్తానని మేడ మీదికి వెళ్ళింది. ఎప్పుడూ అంతే. కొళాయి చప్పుడు చాలాసేపు వచ్చింది. అక్కకి శుభ్రం ఎక్కువ. అమ్మ గిన్నెలు నాకు అప్పజెప్పింది.

గిన్నెల్లో మిగిలినవన్నీ గిన్నెల దగ్గరే తినేశాను. మూడు నిమిషాలు. ఎవరూ చూడలేదు.

మార్చి 10

బస్టాపు పక్కన బేకరీ. ఆరు పేస్ట్రీలు కావాలన్నాను. ఆఫీసులో పుట్టినరోజు అని అడగకుండానే చెప్పాను. కొవ్వొత్తులు కూడా ఇమ్మంటారా అంది కౌంటర్లో ఆవిడ. ఇవ్వండి అన్నాను. పేస్ట్రీలు బస్సు వచ్చేలోపే అయిపోయాయి. బ్యాగులో ఇప్పుడు రెండు డజన్ల కొవ్వొత్తులున్నాయి.

మార్చి 13, గురువారం

మా ఆయన వంటింటి అలమరకి తాళం వేశాడు.

ఇత్తడి తాళం. సైకిల్‌కి వేసేంతది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కదా, బాగా ఆలోచించే చేశానన్నాడు. నీ మంచికే అన్నాడు. ఏం కావాలన్నా నన్నడుగు, నేనే తీసిస్తాను, నీకు శ్రమ కూడా ఉండదు అన్నాడు. తాళంచెవి షర్టు జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని జేబు మీద తట్టుకున్నాడు.

నలభై మూడేళ్ళ మనిషిని. పద్దెనిమిదేళ్ళుగా ఆ వంటింట్లో వండింది నేను. బిస్కెట్ కావాలంటే చెయ్యి చాచాలి. బుడగ చెయ్యి చాచాలి.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

ల్యాబ్‌లో వాడే చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చాను. తాళం జోలికి పోలేదు. తలుపుల కీళ్ళు విప్పాను. నాలుగు కీళ్ళు, పదహారు స్క్రూలు. రెండు తలుపులూ తాళంతో సహా ఒక్క ముక్కగా ఊడి వచ్చాయి. తీసుకెళ్ళి హాల్లో గోడకి ఆనించాను. తాళం భద్రంగా వేసే ఉంది.

మొదట తినలేదు. కుర్చీ వేసుకుని ఖాళీ చట్రం వైపు చూస్తూ గర్వపడ్డాను. తర్వాత తిన్నాను. గర్వపడ్డాక కూడా తింటానని ఇవాళ తెలిసింది.

మార్చి 16

నిన్న మా ఆయన వచ్చి తలుపులు చూశాడు. నన్ను చూశాడు. ఇవాళ పొద్దున స్టూల్ వేసుకుని పదహారు స్క్రూలూ బిగించాడు. తాళం తీసి చెత్తబుట్టలో పడేశాడు. స్టూల్ దిగకుండా, అటు తిరిగే చెప్పాడు. వాళ్ళ నాన్నకి షుగర్‌తో కాలు తీసేసినప్పుడు తనకి పంతొమ్మిదేళ్ళట. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది తనేనట.

ఇన్నేళ్ళ కాపురంలో కాలు సంగతి తెలుసు. సంతకం సంగతి తెలియదు.

భయమేస్తే నాతో చెప్పాలి, అలమరతో కాదు అన్నాను. అరిచినట్టే అన్నాను. సరే అన్నాడు. కోపం ఇంకా ఉంది, ఎవరి మీద ఉందో మాత్రం సరిగ్గా తెలియడం లేదు.

మార్చి 20, గురువారం

నర్సు నోట్‌బుక్ చూపించమంది. చూపించలేదు, నోటితో చెప్పాను. ఏ రోజు ఏం తిన్నానో, ఏ రోజు ఏం తినలేదో. ఆవిడ ఒక కాగితం మీద రాసుకుంది. రాసుకుని, మీరు పొద్దంతా మాడిపోయి సాయంత్రం తిండి మీద పడుతున్నారమ్మా, మీకు ఆకలేస్తోంది అంది. మూడు పూటలా ప్లేట్‌లో పెట్టుకుని, కూర్చుని, కడుపునిండా తినండి, తగ్గించడం గురించి తర్వాత చూద్దాం అంది.

బస్సులో ఏడుపొచ్చింది. కోపం ఏడుపు. చిన్నప్పటి నుంచి నాకు సిగ్గు లేదన్నారు, అదుపు లేదన్నారు, బుద్ధి లేదన్నారు. ఆకలి అని ఒక్కళ్ళూ అనలేదు.

మార్చి 24

ఒంటిగంటకి పెద్దాయన ఎదురుగా కూర్చుని తిన్నాను. వరసగా మూడో రోజు. కొంపలేమీ మునగలేదు.

మార్చి 26, బుధవారం

ఉదయం పదకొండింటికి పై దవడ అచ్చు ఒకటి వచ్చింది. ముందు పళ్ళు ఆరింటికీ క్యాప్‌లు కావాలట. ట్రేలోంచి తీసి లైటు కింద పట్టుకున్నాను. ఎడమ వైపు రెండో పన్ను పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉంది. దాని మూల చిన్న చెక్క ఎగిరిపోయి ఉంది. ఆ చెక్క ఎగరగొట్టింది నేను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, స్టీలు గ్లాసు విసిరాను. స్లిప్ చూడకముందే తెలిసిపోయింది. చూస్తే అక్క పేరే.

అచ్చు తిప్పి లోపలి వైపు చూశాను. నాలుక తగిలే వైపు. ముందు నుంచి చూస్తే పళ్ళే. వెనక నుంచి చూస్తే చప్పరించిన పిప్పరమెంటు బిళ్ళలు. నున్నగా, పల్చగా కరిగిపోయి ఉన్నాయి.

స్లిప్ జేబులో దాచి పెద్దాయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు మార్చుకున్నాడు. పులుపు ఎక్కువ తాగేవాళ్ళకి ముందు బయట కరుగుతాయి, ఇవి లోపల కరిగాయి, కడుపులోంచి పైకొచ్చే యాసిడ్ ఇది అన్నాడు. కడుపు జబ్బు అయినా అయి ఉండాలి, లేదా తిన్నదంతా వేలు పెట్టుకుని కక్కేసే మనిషి అయినా అయి ఉండాలి, ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు, చాలా కాలంగా అన్నాడు. నలభై ఏళ్ళలో ఇలాంటివి ఐదారు చూశాడట. పాపం, అది ఆగేదాకా మనం ఎంత మంచి క్యాప్ చేసినా దండగే అన్నాడు. ఒక్క గుక్కలో ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కడుపు జబ్బు కాదు. అక్కకి జలుబు చేస్తేనే ఇంటిల్లిపాదికీ ఫోన్లు వస్తాయి.

కొళాయి. ఆ కొళాయి.

మార్చి 27

ఇవాళంతా సంతోషంగా ఉన్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. పాటలు పాడుకుంటూ పని చేశాను. సాయంత్రం బేకరీ ముందు నుంచే నడిచి వచ్చాను, లోపలికి చూడాలనే అనిపించలేదు. ఎక్కడ ఆపాలో తెలుసట. రొట్టెల బుట్ట జరుపుతుందట. ఇన్నేళ్ళుగా నన్ను చూపించి పిల్లలకి బుద్ధులు చెప్పిన మనిషి.

అద్దం ముందు నిలబడి ఏమేం అనాలో అనుకుని చూసుకున్నాను. నాలుగైదు రకాలుగా.

మార్చి 30, ఆదివారం, మధ్యాహ్నం మూడు

అనేశాను.

అమ్మ ఇల్లు. భోజనం సగంలో ఉంది. అక్క ఒక ప్రకటన కాగితం తీసి నా ప్లేట్ పక్కన పెట్టింది. బరువు తగ్గించే క్యాంపు. పదిహేను రోజులు అక్కడే ఉండాలి, ఫోన్లు తీసేసుకుంటారు, తిండి వాళ్ళు పెట్టినంతే. నీ పేరు రాయించేశానే, నీ అంతట నువ్వెలాగూ వెళ్ళవని అంది. మా ఆయన తనకేం తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అమ్మ మంచి పని చేశావంది.

అప్పుడన్నాను. నీ పళ్ళు నా టేబుల్ మీద ఉన్నాయే అక్కా అన్నాను. ఆరు పళ్ళూ వెనక వైపు ఎందుకు కరిగిపోయాయో అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా అన్నాను. తిన్నదంతా మేడ మీద కొళాయి తిప్పి కక్కొచ్చి నన్ను నోరు కట్టుకోమంటావా అన్నాను. బాగా ప్రాక్టీసు చేసిన మాటలు.

అక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. తిరిగి తిడుతుందనుకున్నాను. తిట్టడానికి నా దగ్గర ఇంకా ఉన్నాయి. అక్క కూతురు ఆశ్చర్యపోలేదు. తలదించుకుని చెంచాతో ప్లేట్‌లో గీతలు గీసింది. ఆ పిల్లకి తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసో.

కొళాయికి ఏమైంది అంది అమ్మ.

అక్క లేచి, కోటు తగిలించుకుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. బాత్రూమ్‌కి వెళ్ళలేదు. అది కూడా గమనించాను.

మార్చి 30, సాయంత్రం

అమ్మ ఇచ్చిన మిగిలిన కేక్. ఒక పెద్ద చిప్స్ ప్యాకెట్. ఉడకబెట్టిన గుడ్లు నాలుగు. బ్రెడ్. జామ్. ఉత్త చక్కెర, చెంచాతో.

గెలిచినవాళ్ళు ఇలా తినరు.

ఏప్రిల్ 1

అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఆరుసార్లు చేశాను. ఎత్తితే సారీ చెప్తానో ఇంకో నాలుగు తిడతానో నాకే తెలియదు.

ఇంకో సంగతి. స్లిప్ మీద ఉన్నది ల్యాబ్ దాటి బయటికి పోకూడదు. చేరిన మొదటి రోజే చెప్పారు. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా పోనివ్వలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ల్యాబ్‌లో ఉండగా అక్క కూతురు ఫోన్ చేసింది. పిన్నీ, అమ్మ బ్యాంకు మెట్ల మీద పడిపోయింది అంది. ఏడవకుండా చెప్పింది, ఒక లిస్టు చదివినట్టు. గుండె లయ తప్పిందట. ఒంట్లో పొటాషియం అడుగంటిందట. కక్కీ కక్కీ అలా అవుతుందని డాక్టర్లు చెప్పారట. ఆదివారం నుంచి అమ్మ ఏమీ సరిగ్గా తినలేదు, తిన్న కాసింతా ఉంచుకోలేదు అంది.

చేతిలో ఉన్న మైనం పన్ను నలిగిపోయింది. పెద్దాయన అది తీసుకుని, నువ్వెళ్ళు అన్నాడు.

ఆదివారం నుంచి. అంటే నా మాటల నుంచి. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. మధ్యమధ్యలో దాన్ని తిట్టాను. బతికి ఉండవే, నీ పని చెప్తాను అనుకున్నాను.

ఐసీయూలోకి రానివ్వలేదు. అద్దంలోంచి చూశాను. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

ఏప్రిల్ 5, శనివారం

అక్కని వార్డులోకి మార్చారు. పదకొండున్నరకి వెళ్ళాను. చల్లారిందా అంది, నన్ను చూడగానే. చల్లారలేదు అన్నాను. కూర్చోమనలేదు. కూర్చున్నాను.

ఎప్పటి నుంచి అని అడిగాను. పద్నాలుగేళ్ళప్పటి నుంచి అంది. తర్వాతదంతా గోడ వైపు తిరిగి చెప్పింది.

అమ్మ ఆదివారం ఆదివారం మా ఇద్దరినీ బరువు మిషన్ ఎక్కించేది. నా అంకె చూసి నా ప్లేట్‌లోంచి సగం తీసేసేది. తీస్తూ అక్కతో అనేది, చూశావా, నువ్వు ఇలా తింటే నువ్వూ ఇలాగే తయారవుతావు అని. నాకు ఇన్నేళ్ళుగా గుర్తున్నది అక్క ముందున్న నిండు ప్లేట్. సగం ప్లేట్ పెట్టుకుని ఏడుస్తూ ఆ నిండు ప్లేట్‌ని చూసేదాన్ని. అక్కకి గుర్తున్నది నేను. నిండు ప్లేట్ ముందు కూర్చుని నన్ను చూసేదట. తినకపోతే అమ్మ ఊరుకోదు. తింటే బుడగలా అవుతాను. అందుకని రెండూ చేశానే అంది. నీలా అయిపోతానేమోనని భయం, ముప్పై రెండేళ్ళుగా రోజూ నిద్ర లేవగానే అదే భయం అంది.

నన్ను జీవితంలో ఎవరూ ఇంత దెబ్బ కొట్టలేదు. డాక్టర్లు, బస్సులో పక్కసీటు వాళ్ళు, బట్టల షాపు అమ్మాయిలు, అందరూ కలిసి కొట్టలేదు. నేను అంత భయంకరంగా ఉంటానా. చచ్చిపోయినా ఫరవాలేదు కానీ నేను కాకూడదా.

లేచి బయటికి వచ్చేశాను. వార్డు పక్కనే ఉన్న మెట్ల దాకా వచ్చాను. డ్యూటీ నర్సు ట్రే పట్టుకుని ఎదురొచ్చింది. మీరు చెల్లెలు గారే కదా అంది. తిన్నాక ముప్పావుగంట ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళకూడదు, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, ఆవిడ కూతురు పరీక్షకి వెళ్ళింది, మీరు కూర్చోండి అంది. అది నా పక్కన వద్దని చెప్పండి అని అక్క లోపల నుంచి అరిచింది. నేనూ కూర్చోనన్నాను. నర్సుకి మా ఇద్దరి గొడవా వినే తీరిక లేదు. ట్రే నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. అక్క సూప్ తాగింది, సగం రొట్టె తింది. పన్నెండూ పదికి ముగించింది. పన్నెండూ ఇరవైకి కాళ్ళు మంచం దింపింది. ఒక్క నిమిషం వెళ్ళొస్తానే అంది. మొహమంతా చెమట. గొంతు మారిపోయింది. అక్క నన్ను బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

వెళ్ళు అన్నాను. నువ్వటు వెళ్తే నేను కింద క్యాంటీన్‌కి వెళ్తాను, అక్కడున్నదంతా అయ్యేదాకా తింటాను అన్నాను. బెదిరించానో బతిమాలానో నాకూ తెలియదు. తిను, తిని పేలిపో అంది. నేను పేలిపోతే వేలెత్తి చూపడానికి ఇంకెవరూ ఉండరు, జనం నీ మీదే పడతారే అన్నాను.

అక్కడ మొదలైంది. స్టీలు గ్లాసు, తను చింపిన నా డ్రాయింగు పుస్తకం, నా పెళ్ళిలో నా ఫోటోలకి అడ్డం నిలబడటం, క్యాంపు కాగితం, రొట్టెల బుట్ట. పక్క మంచం ముసలావిడ తన పళ్ళ సెట్ పెట్టుకుని మరీ లేచి కూర్చుని విన్నది. ఒకసారి గడియారం చూసేసరికి పన్నెండూ యాభై ఎనిమిది. నలభై ఎనిమిది నిమిషాలు. అక్క కూడా గడియారం చూసింది. కాళ్ళు పైకి పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

నేను కింద క్యాంటీన్‌కి వెళ్ళాను. ఒక ప్లేట్ భోజనం తీసుకుని కూర్చుని తిన్నాను. ఒకటే.

ఏప్రిల్ 8, మంగళవారం

అమ్మ దగ్గరికి వెళ్ళాను. బరువు మిషన్ గురించి అడిగాను. ఏ మిషన్ అంది. ప్లేట్ గురించి అడిగాను. నేనలా ఎందుకు చేస్తానే, నా పిల్లలకి నేనెప్పుడైనా తక్కువ పెట్టానా అంది. అబద్ధం చెప్పడం లేదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. నిజంగానే గుర్తులేదు.

ఇద్దరు మనుషుల బతుకులు ఆ మిషన్ మీదే ఆగిపోయాయి, ఎక్కించిన మనిషికి గుర్తు కూడా లేదు. తిట్టడానికి ఎన్ని మాటలు పట్టుకెళ్ళానో. ఒక్కటీ వాడలేదు. తలుపు మాత్రం గట్టిగా వేసి వచ్చాను.

ఏప్రిల్ 14, సోమవారం

అక్క శనివారం ఇంటికొచ్చింది. వారానికి రెండుసార్లు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి. పగలు కూతురు కాలేజీకి పోతే ఇంట్లో ఒక్కతే.

ఇవాళ ఒంటిగంటా ఐదుకి ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. నేను తిన్నాను, నువ్వు తిన్నావా అంది. ఇంకా లేదన్నాను. నీ వల్ల నేను ముప్పావుగంట కుర్చీలో కూర్చోవాలి, నువ్వు హాయిగా పస్తుంటావా, తిను, వింటాను అంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి తిన్నాను. అంత చప్పుడు చేస్తూ నములుతావేమే అంది. పన్ను చెక్క ఎగిరినదానివి, నా నమలడం గురించి నువ్వు మాట్లాడకు అన్నాను. పెద్దాయన బాక్స్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 17

ఇవాళ అక్క పన్నెండు నిమిషాలకే ఫోన్ పెట్టేసింది. ఎందుకో తెలుసు. నేను బేకరీకి వెళ్ళాను. అదీ ఎందుకో తెలుసు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఒంటిగంటా ఐదుకే చేసింది. నిన్న ఆపుకోలేకపోయానే అంది. నేనూ ఆపుకోలేకపోయాను, ఎనిమిది అన్నాను. ఏంటి ఎనిమిది అంది. పేస్ట్రీలు అన్నాను. నవ్వుతుందేమో, సిగ్గు లేదా అంటుందేమో అని ఫోన్ విసిరికొట్టడానికి సిద్ధంగా ఉన్నాను. బాగున్నాయా అని అడిగింది. మూడోదాని తర్వాత రుచి తెలియలేదన్నాను. అవును, తెలియదు అంది.

ఆ ఒక్క మాట. తెలిసిన మనిషి అన్న మాట. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఈ మాట అనడానికి దానికేం రోగం. నాకేం రోగం.

ఏప్రిల్ 25

పెద్దాయనకి అంతా చెప్పాను. అచ్చు మా అక్కదని, నలుగురిలో అనేశానని. ఆయన చెక్కుతున్నది పక్కన పెట్టాడు. స్లిప్ మీద ఉన్నది మనది కాదు, కోపం వచ్చిందని విసరడానికి అది గ్లాసు కాదు అన్నాడు. గ్లాసు సంగతి ఫోన్లో విన్నాడు కాబోలు. ఓనర్‌కి నువ్వే చెప్పుకో, నేను చెప్పను అన్నాడు. చెప్పాను. ఓనర్ గంటసేపు చివాట్లు పెట్టాడు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కాగితం మీద రాయించుకున్నాడు. రాసిచ్చాను. తప్పు నాదే, అందులో మాట లేదు.

అక్క క్యాప్‌లు ఆపారు. ఆరునెలలు ప్లాస్టిక్‌వి వేస్తారట. అవి పెద్దాయనే చేస్తానన్నాడు. నా చేతికివ్వలేదు. అడగలేదు కూడా.

మే 5, సోమవారం

క్లినిక్. షుగర్ ఉన్నచోటే ఉంది. బరువు తొంభై ఐదు. డాక్టర్ పెదవి విరిచాడు. అతని మొహం మీదే, అంకె కాదు, మనిషిని చూసి మాట్లాడండి అన్నాను. చూశాడు. రెండు నెలల్లో ఇది రెండోసారి. ఏమైనా మార్పుందా అని అడిగాడు. వారానికి ఐదు రోజులు ఒళ్ళు తెలియకుండా తినేదాన్ని, ఇప్పుడు ఒక రోజు, ఒక్కోసారి రెండు అన్నాను. అది రాసుకున్నాడు. నర్సు వెనక నుంచి రాసుకోండి రాసుకోండి అంది.

అమ్మ ఆదివారం భోజనానికి రమ్మంది. అక్క వెళ్ళనంది. నేనూ వెళ్ళలేదు. మా ఆయన బ్రెడ్ కాల్చాడు, గుడ్లు వేయించాడు. ఎన్ని ముక్కలని అడగకుండా ప్లేట్ మధ్యలో పెట్టాడు.

మే 14, మధ్యాహ్నం

ఇవాళ ఇద్దరికీ తిట్లు అయిపోయాయి. ఫోన్ పెట్టలేదు. అక్క ఇంట్లో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. ముప్పావుగంటా అది తిరిగి తిరిగి ఆగేదాకా విన్నాను. ఆగాక అక్క, అయిపోయిందే, బట్టలు ఆరేసుకోవాలి అంది. ఆరేసుకో అన్నాను.